ఎడమవైపు రిమ్ములు

మే 13, సోమవారం

షాపు ముందు ఇవాళ బెంజి కారు ఆగింది. తెల్లది. డూరియన్ పళ్ల లారీలూ పికప్ బండ్లూ తప్ప ఇంకో ముఖం ఎరగని నా రిమ్ముల షాపు ముందు! టైరు ఊడదీస్తున్న ప్రయూర్ బాబాయి చేతిలో స్పానరు జారి సరిగ్గా ఆయన కాలిమీదే పడింది. అయినా కేక పెట్టలేదు, నోరు తెరుచుకుని కారు వంకే చూస్తున్నాడు.

ముందు ఎడమ రిమ్ము గీసుకుపోయింది. ఫుట్‌పాత్ అంచుకి ఒరిపిడి. నల్లగా నిగనిగలాడే రిమ్ము, అంచు వెంబడి జానెడు మేర తోలు లేచినట్టు లేచిపోయి లోపలి అల్యూమినియం బయటపడింది. ఆ గీతలో ఎరుపూ తెలుపూ రంగు అంటుకుని ఉంది. ఇక్కడ బండ్లు ఆపొద్దని మున్సిపాలిటీ వాళ్లు ఫుట్‌పాత్‌కి పూసే రంగు.

దిగిన మనిషి పేరు సథియన్. రాళ్ల వ్యాపారం. నీలాలు, కెంపులు. శుక్ర, శని, ఆదివారాలు ఊళ్లో రాళ్ల సంతలో బల్ల వేసుకుని కూర్చుంటాడట. యాభైకి రెండు మూడేళ్లు తక్కువుంటాయి. భార్య పోయి చాలా కాలమైందట. ఇది నేను అడగలేదు, అమ్మ అడిగింది. షాపు ముందు నూడుల్స్ బండి పెట్టుకున్న దగ్గర్నుంచీ అమ్మ అడగనిదంటూ లేదు.

"బాగవుతుందాండీ?" అన్నాడు, జ్వరం వచ్చిన పిల్లని డాక్టరుకి చూపిస్తున్నట్టు.

"ఎందుకవదు! పగల్లేదు, వంకర పోలేదు. పైపై గాయమే."

"షోరూము వాళ్లు కొత్తది వేయించుకోమంటున్నారు."

"వాళ్లకేం, చెప్తారు. చెయ్యి గీసుకుంటే చెయ్యి మార్చుకుంటామా?"

నవ్వాడు. నవ్వితే బాగుంటాడు. ఊరికే రాస్తున్నా. నాకు నలభై ఒకటి, మొగుడు పట్టయాలో ఇంకొకత్తెతో కాపురం పెట్టి చాన్నాళ్లయింది. నాకేం ఆశల్లేవు.

మే 15, బుధవారం

ఇచ్చేశాను. అబ్బ, ఎంత బాగా వచ్చిందో!

నిన్నంతా దాని మీదే ఉన్నా. గాయం చుట్టూ రంగు గీకి, లప్పం పెట్టి, ముతక ఎమరీతో మొదలుపెట్టి సన్న ఎమరీ దాకా రుద్ది రుద్ది, వేలు పెడితే ఎక్కడ అతుకో తెలియకుండా చేశాను. తర్వాత ప్రైమరు, నలుపు, పైన మెరుపు పూత. వాన మొదలైతే రంగు మీద తేమ పట్టేస్తుందని గది తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. అమ్మ వచ్చి, "ఏమిటే, పురుడు పోస్తున్నావా?" అంది.

సథియన్ గారు వచ్చి ఏం చేశాడో తెలుసా. జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు. రాళ్లు చూసేది. మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని కుడి కంటికి పెట్టుకుని, ఎడమ కన్ను మూసుకుని, నా రిమ్ముని నీలం రాయిని చూసినట్టు అంగుళం అంగుళం చూశాడు. పదో తరగతి పరీక్షల రిజల్టు రోజున కూడా నేను ఇంత భయపడలేదు.

లేచి, "ఎక్కడ గీసుకుందో నాకు కనబడట్లేదు," అన్నాడు. "ముప్ఫై ఏళ్లుగా ఈ కంటితో బతుకుతున్నాను. దీన్ని మోసం చేసినవాళ్లు తక్కువ."

నేను ఏం అన్నానో గుర్తులేదు. ఏదో తలతిక్క మాటే అనుంటాను. ఆయన వెళ్లాక నాలుగు మాంగోస్టీన్ పళ్లు తిన్నా, రుచి తెలియలేదు.

మే 23, గురువారం

మళ్లీ వచ్చాడు! ఈసారి వెనక ఎడమది.

"సిగ్గుగా ఉందండీ," అన్నాడు. "కారు కొనేటప్పుడు ఫుట్‌పాత్‌లకి చెప్పలేదేమో, పగబట్టాయి."

బాబాయి పెద్ద తెలిసినవాడిలా తల ఊపాడు. "ఎడమ పక్క నడిపే దేశంలో ఎడమ రిమ్మే గీసుకుంటుంది సార్. కుడిది గీసుకోవాలంటే రోడ్డు మధ్యలో ఫుట్‌పాత్ కట్టాలి."

అమ్మ మాత్రం అసలు సంగతికి వచ్చింది. గరిటె పట్టుకునే వచ్చి, "అయ్యా, మీరు ఏ వారం పుట్టారు?" అంది.

"గురువారం."

అమ్మ గరిటె దించేసింది. "గురువారం పుట్టి నల్ల రిమ్ములా! ఎవరు చెప్పారయ్యా మీకు? గురువారం పుట్టినవాళ్లకి నలుపు అచ్చిరాదని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు."

ఆయన మొహం చూడాలి. తెలియక కాదు, మర్చిపోయాడు. కారు కొన్నప్పుడు ఒంటి రంగు తెల్లదని చూసుకున్నాడు గానీ చక్రాల సంగతి ఆలోచించలేదట. మా ఊళ్లో ఎవరూ చెయ్యకూడని తప్పే. బాబాయి పికప్ చూడండి. బండి ఆకుపచ్చ, వెనక అద్దం మీద 'ఈ బండి పసుపు రంగు' అని స్టిక్కరు. ఆయన శనివారం పుట్టాడు మరి, పచ్చ పడదు. రంగు వేయించే స్తోమత లేక దేవుడికి అబద్ధం చెప్పేశాడు.

"మార్చేద్దామా?" అన్నాను. "నాలుగూ. గురువారానికి నారింజ రంగు మంచిది. కానీ నారింజ వేస్తే ఐస్‌క్రీం బండిలా ఉంటుంది. రాగి రంగు వేస్తాను, నారింజకి అక్కయ్య వరస."

"మీకేది బాగుంటుందనిపిస్తే అదే వెయ్యండి," అన్నాడు.

మీకేది బాగుంటుందనిపిస్తే అదే. ఎంత హాయిగా అన్నాడో.

మే 28, మంగళవారం

రాగి!!

మూడుసార్లు కలిపా. మొదటిది కొత్త బిందెలా అరిచింది. రెండోది తుప్పు. మూడోదాంట్లో చిటికెడు నలుపు వేశాక దిగింది, పాత నాణెం తుడిస్తే వచ్చే రంగు. తెల్ల కారుకి ఆ నాలుగు చక్రాలు బిగించి బయటికి తోస్తే, డూరియన్లు దించే కూలీలు కూడా పని ఆపి చూశారు. ఎవడో ఈల వేశాడు. కారుకో నాకో తెలియదు, ఎవరికైనా సరే.

సథియన్ గారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. భూతద్దం తీయలేదు. "ఇక నన్ను ఏ ఫుట్‌పాతూ ముట్టుకోదు," అన్నాడు.

రాత్రి పడుకున్నాక నాకో దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ముట్టుకోకపోతే మళ్లీ రాడుగా.

నాకేం ఆశల్లేవు. షాపు బాగా నడవాలి, అంతే.

జూన్ 5, బుధవారం

వచ్చాడు!

ముందు ఎడమది. నా రాగి మీద అంచు వెంబడి ఎర్ర తెల్ల గీత. చూడగానే కోపం రావాలి కదా, ఒళ్లు మండాలి కదా. నాకు పాట వచ్చింది. నోట్లోంచి వచ్చేసేదే, పళ్లతో పట్టుకున్నా.

అయితే రంగు కాదన్నమాట. అమ్మ ఒప్పుకోదు, రాగి సరిపోలేదు, నారింజే వెయ్యాల్సిందంటుంది. బాబాయేమో, "డబ్బున్నోళ్లకి కళ్లు నెత్తి మీదుంటాయి, రోడ్డు మీద ఎందుకుంటాయి" అంటాడు. ఇద్దరికీ ఏమీ తెలియదు. నేను కూర్చుని నిదానంగా ఆలోచించాను.

ఈ మనిషి గింజంత రాయిలో వెంట్రుకంత పగులు పట్టేస్తాడు. అలాంటివాడికి గజం ఎత్తు ఫుట్‌పాత్ కనబడదా? సరే, గజం కాదు, జానెడే. అయినా కనబడదా? ఊళ్లో షోరూము ఉంది, ఏసీ గది ఉంది, కాఫీ ఇస్తారు. అవన్నీ వదిలేసి ఈ థామై రోడ్డు మీద డూరియన్ కంపు కొట్టే షాపుకి ఎందుకొస్తాడు?

ఇంకోటి. ఇవాళ ఆయన బెంచీ మీద కూర్చుని ఉంటే ఐసు కాఫీ తీసుకెళ్లాను. ఎడమ పక్కనుంచి వెళ్లి "తీసుకోండి" అనగానే ఉలిక్కిపడ్డాడు. చిన్న పిల్లాడు దొరికిపోయినట్టు! నన్ను చూసి అంత కంగారెందుకు? కాఫీ పక్కన పెట్టాను. ముట్టుకోలేదు. ఐసు మొత్తం కరిగి నీళ్లయింది. వెళ్లేటప్పుడు గ్లాసుని మోచేత్తో తోసేశాడు. ఎంత సిగ్గు పడిపోయాడో, తుడుస్తానని గుడ్డ అడిగాడు. ప్రేమలో పడ్డ మగాళ్లకి చేతులు కుదురుగా ఉండవని విన్నాను గానీ చూడటం ఇదే.

రాసేశాను ఆ మాట. కొట్టెయ్యను.

జూన్ 6, గురువారం

కావాలనే గీస్తున్నాడు.

జూన్ 7, శుక్రవారం

కావాలనే. ఇంకేం కాదు.

జూన్ 12, బుధవారం

ఈసారి రెండూ! ముందుదీ వెనకదీ. ఎడమ పక్క రెండూ ఒకేసారి.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అమ్మ చూసింది. ఆయన అటు వెళ్లగానే పట్టుకుంది.

"ఏమే పికున్, అతని బండి పాడైతే నీకు పండగా? ఎద్దు పుండు కాకికి రుచని ఊరికే అన్నారా?"

"పని వస్తే సంతోషించకూడదా?"

"పని వస్తే సంతోషించే మొహమా అది? అద్దంలో చూసుకో. చెవుల దాకా ఉంది నవ్వు."

"అమ్మా, ఆయన కావాలనే గీసుకుని వస్తున్నాడు," అనేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను.

అమ్మ నూడుల్స్ వడకట్టడం ఆపేసింది. కోప్పడుతుందనుకున్నా, ఎగతాళి చేస్తుందనుకున్నా. "ఆలూ లేదు చూలూ లేదు," అని మాత్రం గొణిగి మళ్లీ వడకట్టుకుంది. తన పెళ్లి గురించి ఆలోచిస్తోందో నా పెళ్లి గురించో.

అసలు సంగతి ఇంకా రాయలేదు. చివరికి దాచుకున్నా, పిల్లలు పీత నూడుల్స్‌లో పీత ముక్క చివరికి దాచుకున్నట్టు. సథియన్ గారు వెళ్తూ అన్నాడు: "ఎడమ పక్కనుంచి ఏదో హోరు వస్తోందండీ, వేగం పెంచితే. వంకర పోయిందేమో. మీరొకసారి కూర్చుని వింటారా? మంగళవారం సంత లేదు. సముద్రం రోడ్డు మీద లెమ్‌సింగ్ దాకా వెళ్లి వద్దాం."

రిమ్ము తిప్పి చూశాను. వెంట్రుకవాసి వంకర లేదు. బ్యాలెన్సింగ్ కూడా సరిగ్గా ఉంది. ఏ హోరూ రాదు.

"వింటాను," అన్నాను.

జూన్ 17, సోమవారం

రేపే. గులాబీ జాకెట్టు ఇస్త్రీ చేశా. మంగళవారానికి గులాబీ మంచిది. గోళ్ల సందుల్లో నల్ల రంగు పోవడం లేదు, నిమ్మచెక్కతో రుద్దీ రుద్దీ చర్మం ఊడొచ్చింది. బాబాయి చూసి, "రిమ్ము పనికి వెళ్తున్నావా, పేరంటానికా?" అన్నాడు. ఇంకోసారి వాగితే కంప్రెసరు గాలి చెవిలో కొడతానన్నాను.

వాన పడకూడదు దేవుడా. పడినా ఫర్వాలేదు.

జూన్ 18, మంగళవారం

అన్నీ వరసగా రాస్తాను. మధ్యలో ఆపితే ఇక రాయలేను.

పొద్దున పదింటికి వచ్చాడు. నేను ఎడమ సీట్లో కూర్చున్నా. సీటు ఎంత మెత్తగా ఉందంటే కూర్చున్నానో తేలానో తెలియలేదు. వాన లేదు. ఊరు దాటాక సముద్రం రోడ్డు ఎక్కాం. ఆయన నీలాల గురించి చెప్తున్నాడు, వాళ్ల నాన్న కాలంలో ఈ ఊరి మట్టిలోనే దొరికేవి, ఇప్పుడు ఆఫ్రికా నుంచి వస్తున్నాయి అని. నేను వినడం లేదు. వింటున్నట్టు ఊ కొడుతున్నా. ఆయన ఒక్కసారైనా నావైపు చూస్తాడని ఎదురు చూస్తున్నా. చూడలేదు. రోడ్డు మీద శ్రద్ధ అనుకున్నాను. మంచి మనిషి అనుకున్నాను. మనసులో ఎంత మెచ్చుకున్నానో రాయాలంటే సిగ్గేస్తోంది.

ముందు, పక్కన తోపుడు బండి బిగించిన మోటారు సైకిలు ఒకటి కనిపించింది. బండికి ఎడమ పక్క బొగ్గుల కుంపటి, దాని మీద ఎండు స్క్విడ్ చేపలు వేలాడుతున్నాయి. ఒకావిడ నడుపుతోంది, తలకి గుడ్డ చుట్టుకుంది. రోడ్డు అంచున తన దారిన తాను నెమ్మదిగా పోతోంది. మా కారు మెల్లగా ఎడమకి జరుగుతోంది. ఇప్పుడు కుడికి తిప్పుతాడు అనుకున్నా. తిప్పలేదు. ఇప్పుడు తిప్పుతాడు. తిప్పలేదు. ఆయన ఇంకా నీలాల గురించే చెప్తున్నాడు. గొంతు కూడా మారలేదు. ఆవిడ గుడ్డ మీద పువ్వులు లెక్కపెట్టేంత దగ్గరికి వచ్చేశాం.

అరిచి స్టీరింగు పట్టుకుని లాగేశాను.

కారు అడ్డంగా తిరిగి ఆగింది. ఆవిడ బండి కూడా ఆపి, మమ్మల్నీ మమ్మల్ని కన్నవాళ్లనీ తిట్టిపోసింది. "కారు కొనడానికి డబ్బులున్నాయి, కళ్లు కొనుక్కోడానికి లేవా!" అంది.

సథియన్ గారు నావైపు తిరిగాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. "ఎందుకు లాగారండీ?"

"ఆవిడ..."

"ఎవరు?"

తల మొత్తం తిప్పాక కనబడింది ఆయనకి ఆవిడ. అప్పుడు మొహం తెల్లబోయింది. "ఎక్కణ్నుంచి వచ్చింది?" అన్నాడు.

ఎక్కణ్నుంచీ రాలేదు. ఎప్పట్నుంచో అక్కడే ఉంది. కాఫీ గ్లాసు అక్కడే ఉంది. నేను అక్కడే ఉన్నాను. ఫుట్‌పాతూ అక్కడే ఉంది.

అప్పుడు తెలిసింది. రెండూ ఒకేసారి తెలిశాయి. ఈయన కావాలని గీయలేదు. ఈయనకి ఎడమ పక్క కనబడదు.

ఒక మాట రాసుకోవాలి. ఆ క్షణంలో కూడా నాకు ఇంకో ఆలోచన వచ్చింది. చెప్పానంటే కారు ఆగిపోతుంది. కారు ఆగిపోతే ఈయన నా షాపుకి రాడు. రాళ్ల వ్యాపారికి రిమ్ములు చేసేదానితో ఇంకేం పని? నోరు మూసుకుంటే వచ్చేవారం ఇంకో రిమ్ము వస్తుంది. ఆ ఆలోచన నిజంగా వచ్చింది. స్క్విడ్ల ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది.

"సథియన్ గారూ, మీ కుడి కన్ను ఒకసారి మూసుకోండి," అన్నాను.

"ఎందుకు?"

"మూసుకోండి."

"మీరు కంటి డాక్టరా?" గొంతులో మొదటిసారి విసురు.

"కాదు. మీ రిమ్ములు చేసేదాన్ని. ఎడమవైపు గీతలు నాలుగుసార్లు తీశాను, కుడివైపు ఒక్క గీత కూడా తియ్యలేదు. మూసుకోండి."

మూసుకున్నాడు. భూతద్దం కుడి కంటికి పెట్టి పెట్టి ఎప్పుడూ ఎడమది మూసుకునే అలవాటు. కుడిది మూసుకోవడం ఆయనకి చేతకాలేదు, వేలితో నొక్కుకున్నాడు. అలాగే కూర్చున్నాడు.

"ఏం కనబడుతోంది?"

నావైపు తల తిప్పాడు.

"మీ జాకెట్టు ఏం రంగు?" అన్నాడు.

గులాబీ అని చెప్పాను.

"నాకు చీకటిగా ఉంది," అన్నాడు.

తిరుగు దారిలో నేనే నడిపాను. బెంజి నడపాలని చిన్నప్పట్నుంచీ కోరిక. ఆయన ఎడమ సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటి ముందు దించి తాళం ఇస్తే తీసుకున్నాడు. థాంక్స్ అనలేదు. నావైపు చూడలేదు. చూశాడేమో, నేను ఏ పక్క నిలబడ్డానో గుర్తులేదు.

జూన్ 19, బుధవారం

రెండు పికప్ రిమ్ములు. ఒకటి పగిలింది, అతకనన్నాను.

జూన్ 24, సోమవారం

అమ్మకి అంతా చెప్పాను. అమ్మ నా నెత్తి మీద చెయ్యి వేసి, "మంచి పని చేశావే," అంది. మంచి పని చేసినందుకు ఎవరైనా ఏడుస్తారా, నేను ఏడ్చాను.

బాబాయి ఎంత మంచివాడో ఇవాళ తెలిసింది. రోజంతా ఒక్క జోకు వెయ్యలేదు.

నాకేం బాధ లేదు. షాపు నిండా పని.

జూన్ 29, శనివారం

సంత వైపు వెళ్లలేదు. నూనె కొనడానికి వేరే దారిన వెళ్లాను. ఆ దారి దూరం.

జూలై 4, గురువారం

కారు వచ్చింది! తెల్లగా మలుపు తిరగడం చూసి చేతిలో ఎమరీ పారేసి పరిగెత్తాను. దిగింది ఆయన కాదు. మేనల్లుడు, అనన్ అని ముప్ఫై ఏళ్లవాడు. నా మొహం ఎలా పెట్టానో, "అక్కా, ఎక్కడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

బాంకాక్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారట. నీటికాసులు, గ్లకోమా అంటారట డాక్టర్లు. నొప్పి లేకుండా, చెప్పకుండా కన్ను తినేస్తుందట. ఎడమ కన్ను పోయింది, ఇక రాదు. కుడి కంటికీ అంచుల్లో మొదలైంది. కానీ సమయానికి పట్టుకున్నారు, రోజూ చుక్కలు వేసుకుంటే నిలబడుతుందన్నారు. రాళ్లు చూసుకోవచ్చు. కారు మాత్రం జన్మలో ముట్టుకోవద్దన్నారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే రెండోదీ పోయేదట.

"మీ మామయ్య ఎలా ఉన్నాడు?" అన్నాను.

"మాట్లాడట్లేదక్కా. సంతకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. కారు అమ్మెయ్యమన్నాడు. కొనేవాడికి రిమ్ములు మళ్లీ నలుపే కావాలట, రాగి వద్దట. నాలుగూ మార్చిస్తావా?"

కుడి కన్ను ఉంది. కన్ను ఉంది! అమ్మా, ఆయన కన్ను ఉంది! అని బండి దగ్గరికి పరిగెత్తి చెప్పాను. అమ్మ కస్టమరు గిన్నెలో రెండు గరిటెలు ఎక్కువ వేసేసింది.

జూలై 6, శనివారం

రాగి మొత్తం గీకేశాను. గచ్చంతా రాగి పొడి. వాన నీళ్లలో కొట్టుకుపోయి కాలువలోకి పోయింది. ఇంత మంచి రంగు మళ్లీ కలపగలనో లేదో. ఆ పాళ్లు రాసుకోలేదు, మనిషి ఉంటాడులే అనుకున్నా.

జూలై 8, సోమవారం

నలుపు. నాలుగూ. నా చేత్తో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. అనన్ వచ్చి తీసుకెళ్లాడు. ఆయన రాలేదు. రావాల్సిన పనేముంది. వచ్చే ఆదివారం కొనేవాళ్లు వస్తారట.

కారు మలుపు తిరిగేదాకా చూశాను. బాబాయి పక్కన నిలబడి, "నీ పని బాగుందమ్మాయ్," అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి అన్నాడు.

జూలై 13, శనివారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

ఇవాళ సంత రోజు. రాళ్ల వ్యాపారులు పెళ్లాం పురిటికైనా సంత మానరు. మధ్యాహ్నం తెల్ల కారు వచ్చి ఆగింది. అనన్ నడుపుతున్నాడు. నేను పరిగెత్తలేదు, ఒకసారి బుద్ధొచ్చింది కదా. ఎడమ పక్క తలుపు తెరుచుకుంది. సథియన్ గారు దిగాడు.

దిగి, తల మొత్తం ఇటు నుంచి అటు తిప్పి షాపంతా వెతికాడు. ఆసుపత్రిలో అలా తిప్పి చూడటం నేర్పారట. నేను టైర్ల గుట్ట వెనక ఉన్నాను. నా దగ్గర తల ఆగింది. నవ్వాడు.

"మళ్లీ గీసుకుపోయిందండీ," అన్నాడు.

"ఎవరు నడిపారు?"

"నాకు సంబంధం లేదక్కా," అన్నాడు అనన్, ఆకాశం వైపు చూస్తూ. "నేను నడిపితే గీసుకోదు."

"ఏది?" అన్నాను.

"కుడి వెనకది."

కుడి! రోడ్డు మధ్యలో ఫుట్‌పాత్ కడితే తప్ప గీసుకోని కుడి! వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఫుట్‌పాత్ గీత అంచు వెంబడి గుండ్రంగా పోతుంది, రంగు అంటుకుంటుంది. ఇక్కడ ఎర్ర రంగూ లేదు, తెల్ల రంగూ లేదు. రిమ్ము మధ్యనుంచి అంచు దాకా ఒకే గీత. తిన్నగా, వెంట్రుకంత సన్నగా. మేకుతో గీస్తే జారి చీలుతుంది, గరుకులు లేస్తాయి. ఇది ఒక్క పోటులో దిగింది. ఇనుముకంటే గట్టిదేదో పట్టుకుని, మనిషి కూర్చుని, నిదానంగా, చెయ్యి వణక్కుండా గీసిన గీత.

వేలి గోరుతో ఆ గీత పొడవునా తడిమాను.

"కెంపుతో గీశారా, నీలంతోనా?" అన్నాను, తల ఎత్తకుండా.

అమ్మ బండి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

"నీలంతో," అన్నాడు సథియన్. "కెంపు పెట్టడానికి మనసొప్పలేదు."

బాబాయి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి కూలబడ్డాడు. సథియన్ చెవులు ఎర్రగా కందిపోయాయి.

"రేపు కొనేవాళ్లు వస్తున్నారక్కా," అన్నాడు అనన్. "ఎప్పటికిస్తావు?"

ఇలాంటి గీత అన్నం వేళకి తీసిపారేస్తాను. లేచి చేతులు తుడుచుకున్నా. "చాలా లోతుగా దిగింది. పైగా వానాకాలం, రంగు ఆరదు. వానలు వెనకబట్టేదాకా చెప్పలేను. రేపు వచ్చేవాళ్లని వద్దని చెప్పండి."

"అంతకాలమా!"

"మీ మామయ్య రోజూ వచ్చి చూసుకోవాలి కూడా. ఎంతవరకూ వచ్చిందో."

సథియన్ నాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా ఎదురుగా, కుడి కంటికి నేను మొత్తం కనబడేలా.

"రోజూ వస్తాను," అన్నాడు. "కారు నీ దగ్గరే ఉంటుంది కదా, నడిచి రావాలి. కాస్త ఆలస్యమైతే ఏమనుకోకు, పికున్."